ఒక కప్పు కింద రెండు చదువులు

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టడంలోని కష్టం వారికి తెలుసు గాని, ఇల్లు కట్టడం నేర్పే చదువులోని కష్టం వారు చూడలేదు. వారి కాలంలో ఆ విద్య మేస్త్రి చేతిలో ఉండేది. ఈనాడు అది రెండు పాయలుగా చీలి, రెండు పట్టాల కింద నడుస్తున్నది. ఒకటి ఆర్కిటెక్చరు, రెండవది సివిల్ ఇంజనీరింగు.

బెంగుళూరులో గాని, చెన్నైలో గాని, బరంపురంలో గాని, షోలాపూరులో గాని, యానాంలో గాని, పదవ తరగతి దాటిన బిడ్డ ఉన్న మన ఇళ్ళలో ఇంజనీరింగు మాట రాని రోజు ఉండదు. ఆ బిడ్డకు లెక్కలతోబాటు బొమ్మలు వేసే చెయ్యి కూడా ఉన్నదనుకోండి, ఇంట్లో రెండు పక్షాలు బయలుదేరుతాయి. తండ్రి ఇంజనీరింగు అంటాడు. బిడ్డ ఆర్కిటెక్చరు అంటుంది. మధ్యలో ఏ మేనమామో "రెండూ చదివితే పోలా?" అంటాడు. అనడానికి తేలిక మాటే గాని, కొట్టిపారవేయదగ్గ మాట కాదు. ప్రపంచంలో రెండూ చదివినవారు ఉన్నారు. రెండింటినీ కలిపి నేర్పే విశ్వవిద్యాలయాలూ ఉన్నాయి. అయితే ఆ రెండు పట్టాలు ఎవరికి అవసరం, ఎన్నేళ్ళు పడతాయి, చివరకు వాటివల్ల ఒరిగేదేమిటి అన్నది తెలిసికొని మరీ దిగవలసిన నీరు ఇది.

ఎవరి పని ఏది?

ముందుగా ఈ రెండు వృత్తులకూ ఉన్న తేడా చూద్దాం. ఇల్లు కట్టించుకొన్నవారిలో కూడా చాలామందికి ఈ తేడా తెలియదు.

వాకిలి ఎటు ఉండాలి, గాలి ఎటునుంచి వస్తుంది, పడమటి ఎండను ఎలా ఆపాలి, వంటింటినుంచి పెరట్లోకి ఎన్ని అడుగులు, ఆస్పత్రి అయితే రోగి మంచం ఏ మలుపూ తగలకుండా ఆపరేషను గదికి ఎలా చేరుతుంది, బడి అయితే వానలో పిల్లలు ఎక్కడ నిలబడతారు, ఇవన్నీ ఆలోచించి రూపం ఇచ్చేవాడు ఆర్కిటెక్టు. ఆ రూపాన్ని మోసే పునాది ఎంత లోతు ఉండాలి, ఆ నేల ఎంత బరువు ఆపుతుంది, పిల్లరు ఎంత మందం, అందులో ఎన్ని కడ్డీలు, గాలివాన వచ్చినా భూమి కంపించినా కట్టడం ఎంత ఊగుతుంది, ఇవన్నీ లెక్కగట్టేవాడు ఇంజనీరు. ఒక్క మాటలో చెప్పాలంటే, "ఇక్కడ మనిషి ఎలా బ్రతుకుతాడు?" అన్నది మొదటివాని ప్రశ్న. "ఇది ఎలా నిలబడుతుంది?" అన్నది రెండవవాని ప్రశ్న.

చదివే తీరులో కూడా ఇంత దూరమూ ఉన్నది. ఆర్కిటెక్చరు విద్యార్థి రోజులో పెద్ద భాగం స్టూడియో అనే గదిలో గడుపుతాడు. ఒక గ్రంథాలయమో, ఒక కూరగాయల బజారో కట్టమని గురువు చెబుతారు. విద్యార్థి స్థలం చూసి, గీసి, అట్టతో నమూనా చేసి, పరీక్షకుల ముందు నిలబడి తన ఆలోచనను సమర్థించుకోవాలి. నలభై మంది విద్యార్థులు నలభై జవాబులు తెస్తారు. వాటిలో పది మంచివి కావచ్చు. ఇంజనీరింగు విద్యార్థికి గణితం, బలాల శాస్త్రం, పదార్థాల గట్టితనం, మట్టి పరీక్ష, నీటి ప్రవాహం, సర్వే ఉంటాయి. అక్కడ ఒక దూలంమీద పడే బలమెంత అంటే నలభై మందికీ ఒకటే జవాబు రావాలి. మొదటి చదువు సందేహాన్ని భరించడం నేర్పుతుంది. రెండవది సందేహాన్ని తీర్చడం నేర్పుతుంది. రెండూ ఒకే బుర్రలో ఇమడడం అసాధ్యం కాదు గాని, అందరికీ సులభమూ కాదు.

రెండు పుట్టిళ్ళు

ఒకే పనికి ఇన్ని గోడలు ఎందుకు వచ్చాయి? ఓరుగల్లు సీమలో, పాలంపేటలో రామప్పగుడి ఉన్నది. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠ చేయించిన ఆలయం. 2021లో ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తింపు పొందింది. ఆ గుడికి పునాదిలో ఇసుక నింపారు. బరువు తగ్గించడానికి శిఖరానికి తేలికైన, గుల్ల ఇటుకలు వాడారు. స్తంభాలమీద, పైకప్పు కిందా ఉన్న శిల్పాన్ని చూసినవారు మర్చిపోలేరు. ఇసుకనూ ఇటుకనూ ఎంచినవారు, శిల్పం చెక్కించినవారు వేరువేరు బడులలో చదివినవారు కారు. స్థపతి అంటే ఇద్దరూ కలిసిన మనిషి.

ఇంగ్లీషువారి పాలనలో ఈ విద్యకు రెండు పుట్టిళ్ళు ఏర్పడ్డాయి. మద్రాసు గిండీలో ఇప్పుడున్న ఇంజనీరింగు కాలేజీకి మూలం 1794లో పెట్టిన సర్వే బడి. భూమిని కొలిచేవారు కావాలి, రోడ్లూ కాలువలూ వేసేవారు కావాలి. అందుకు ఆ బడి. పుణేలో 1854లో ఇంజనీరింగు తరగతి మొదలయింది. అదే తరువాత సైన్సు కాలేజీగా పెరిగింది. ఆంధ్రదేశంలోని మోక్షగుండంనుంచి పూర్వం మైసూరు సీమకు వలసవచ్చిన తెలుగు కుటుంబంలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారు 1883లో ఇంజనీరింగు పూర్తిచేసినది ఆ కాలేజీలోనే. ఇక బొంబాయిలో 1857లో సర్ జె.జె. కళాశాల చిత్రకళ, శిల్పం నేర్పడానికి పుట్టింది. ఆర్కిటెక్చరు చదువు ఆ కళాశాల నీడలో పెరిగింది. ఇంజనీరింగు కొలత బడిలో పుట్టింది. ఆర్కిటెక్చరు బొమ్మల బడిలో పెరిగింది. అత్తింటికి వచ్చిన తోడికోడళ్ళ మాదిరి ఈ రెండూ ఒకే కట్టడంలో కాపురం చేయవలసి వచ్చినా, పుట్టింటి అలవాట్లు మాత్రం పోలేదు.

ఆ రోజుల్లోనూ రెండు పనులూ చేసినవారు లేకపోలేదు. జైపూరు సంస్థానంలో పనిచేసిన స్వింటన్ జేకబ్ సైన్యంలోని ఇంజనీరు. రోడ్లూ నీటిపనులూ చూసిన ఆ చేతితోనే 1887లో తెరిచిన ఆల్బర్ట్ హాలుకు రూపకల్పన చేశాడు. పాత కట్టడాల స్తంభాలూ, కమానులూ, జాలీలూ కొలిపించి, గీయించి, సంపుటాలుగా అచ్చు వేయించాడు. అయితే అటువంటివారు తమ ఆసక్తితో రెండవది నేర్చుకొన్నవారే గాని, రెండూ కలిపి నేర్పిన చదువునుంచి వచ్చినవారు కారు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో ఆర్కిటెక్చరు శాఖ పెట్టినప్పుడు, ఇంజనీరింగు సంస్థ ప్రాకారంలోనే ఆర్కిటెక్చరుకు చోటు దొరికింది. చోటు ఒకటే అయినా పట్టాలు మాత్రం వేరుగానే ఉన్నాయి. 1972లో ఆర్కిటెక్టుల చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం గుర్తింపు పొందిన అర్హతతో, ఆర్కిటెక్చరు మండలిలో పేరు నమోదు చేసికొన్నవారే తమను "ఆర్కిటెక్టు" అని చెప్పుకోవాలి. 2020లో సుప్రీంకోర్టు ఈ చట్టం ఆ పేరును కాపాడుతుందే గాని, ఇతరులు ఆ పని చేయడాన్ని నిషేధించదని తీర్పు చెప్పింది. కనుక ఇంజనీరు ఇంటి ప్లాను గీయవచ్చును గాని, పేరు పక్కన ఆర్కిటెక్టు అని వ్రాసుకోరాదు. రెండు పేర్లూ కావాలంటే రెండు చదువులూ కావలసిందే.

ఒక్క పిల్లరు తుడిచేస్తే

అసలు రెండు చదువులూ కలవవలసిన అవసరం ఎక్కడ వస్తుంది? చిన్న లెక్కతో చూద్దాం.

నాలుగు మీటర్ల దూరంలో ఉన్న రెండు పిల్లర్లమీద ఒక దూలం ఉన్నది. ఇంటివారు "హాలు పెద్దది కావాలి, నడుమ పిల్లరు అడ్డం, తీసెయ్యండి" అన్నారు. గీసేవాడు రబ్బరుతో ఆ పిల్లరును తుడిచాడు. దూలం ఇప్పుడు ఎనిమిది మీటర్లు దాటాలి. పొడవు రెండింతలే గదా అనుకొంటాం. కాని దూలం పొడవునా సమానంగా బరువు పడేటప్పుడు, దాన్ని వంచే బలం పొడవు వర్గాన్నిబట్టి పెరుగుతుంది, అంటే నాలుగింతలు. అదే దూలాన్ని అలాగే ఉంచితే, అది కిందికి జారే కుంగు పదహారింతలు. కనుక దూలం లోతు పెంచాలి. దూలం లోతు పెరిగితే తల మీదికి వస్తుంది. తలమీదికి రాకూడదంటే అంతస్తు ఎత్తు పెంచాలి. అంతస్తు ఎత్తు పెరిగితే మెట్లు పెరుగుతాయి. మెట్లు పెరిగితే మెట్ల గది పెరుగుతుంది. అది పక్క పడకగదిని తింటుంది. ఒక్క రబ్బరు గీత ఇల్లంతా కదిలించింది.

ఈ లెక్క మనసులో ఉండి గీసేవానికీ, గీసిన తరువాత ఇంజనీరు దగ్గర ఈ సంగతి వినేవానికీ తేడా ఉన్నది. మొదటివాడు పెన్సిలు పట్టినప్పుడే పిల్లరును ఎక్కడికి జరపాలో చూసుకొంటాడు. రెండవవాడు ప్లాను మళ్ళీ గీస్తాడు. అది అదృష్టం బాగుంటే. బాగుండకపోతే, గీసినది గీసినట్టే ఉంచి దూలాన్ని ఎలాగో సర్దుతారు.

ఆ సర్దుబాటు ఎంత ప్రాణాంతకమో 2001 జనవరి 26న గుజరాతు చూపింది. భూకంప కేంద్రం కచ్ఛ్‌లోని భుజ్ ప్రాంతంలో ఉన్నది. అక్కడికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహమ్మదాబాదులో కూడా ఎన్నో అంతస్తుల భవనాలు కూలి, నిద్రలేచి పండుగ రోజు పనుల్లో ఉన్న కుటుంబాలు సమాధి అయినాయి. ఆ భవనాలలో చాలావాటికి ఒక పోలిక ఉన్నది. కింది అంతస్తు బండ్లు నిలపడానికి ఖాళీగా వదిలారు. ఉన్నవి పిల్లర్లు మాత్రమే. పై అంతస్తులన్నిటా ఇటుక గోడలు. ఆ గోడలవల్ల పైభాగమంతా ఒక పెట్టెలాగ బిగువుగా అయింది. భూమి ఊగినప్పుడు ఊగవలసిన ఊపంతా గోడలు లేని కింది పిల్లర్లమీదనే పడింది. సన్నని కాళ్ళ బల్లమీద బరువైన పెట్టె పెట్టి, బల్లను పక్కకు గుంజితే ఏమవుతుందో అదే అయింది. నాసిరకం కాంక్రీటు, మెత్తని నేల వంటి ఇతర కారణాలు కూడా ఉన్నాయి. కాని మూలంలో ఉన్నది ఇది: గీసినవారు బండ్లకు చోటు చూశారు, లెక్కగట్టినవారు పైగోడలను బరువుగా లెక్కించారే గాని, వాటి బిగువును లెక్కలోకి తేలేదు. తప్పు రెండు బల్లల మధ్య ఉన్న సందులో పడిపోయింది. 2002లో సవరించిన మన భూకంప నియమావళి, ఇటువంటి మెత్తని అంతస్తు పిల్లర్లను మామూలుగా వచ్చే బలానికి రెండున్నర రెట్లకు కట్టాలన్న నియమం పెట్టింది.

రెండు పట్టాల అసలు ప్రయోజనం ఆ సందును మూయడం. పేరు పక్కన రెండు వరుసల అక్షరాలు వేసుకోవడం కాదు.

ఒక్కరు చేసిన పని, ఇద్దరు కలిసి చేసిన పని

ఈ రెండు చదువులూ ఒక్కరే చదివిన ఉదాహరణలలో ప్రపంచానికంతా తెలిసినది సాంతియాగో కలత్రావాది. స్పెయిన్ దేశంలో వలెన్సియా దగ్గర 1951లో పుట్టాడు. 1974లో వలెన్సియాలో ఆర్కిటెక్చరు పట్టా పుచ్చుకొన్నాడు. అంతటితో ఊరుకోక స్విట్జర్లాండు వెళ్ళి, జూరిచ్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయంలో సివిల్ ఇంజనీరింగు మొదటినుంచి చదివి 1979లో ముగించాడు. 1981లో మడిచి విప్పగల చట్రాలమీద పరిశోధన చేసి డాక్టరు పట్టం పొందాడు. చదువు ముగిసేటప్పటికి ముప్ఫై ఏళ్ళు.

ఆ చదువు ఏమిచ్చిందో చూడాలంటే స్పెయిన్‌లోని సెవిల్ నగరంలో 1992లో కట్టిన అలమిల్లో వంతెన చూడాలి. సాధారణంగా తీగల వంతెనకు నడుమ స్తంభం నిలిపి, ఇరువైపులా తీగలు లాగుతారు. ఇక్కడ 142 మీటర్ల స్తంభాన్ని వెనక్కు వాల్చి, ఒకే వైపున తీగలు కట్టి, 200 మీటర్ల వంతెనను పట్టాడు. వెనక లాగే తీగలు లేవు. వాలిన స్తంభం బరువే వంతెన బరువుకు సాటి. చూడడానికి వీణలాగ ఉంటుంది. అక్కడ అందమూ లెక్కా వేరు చేయడానికి వీలులేదు.

అయితే బొమ్మకు రెండవ పక్క కూడా చెప్పకపోతే అన్యాయం. అదే మనిషి వెనిస్ నగరంలో 2008లో కట్టిన వంతెనకు గాజు మెట్లు వేశాడు. వానలో జనం జారిపడ్డారు. చివరకు ఆ గాజు తీసి రాయి వేయాలని నగర పాలకులు నిర్ణయించారు. వలెన్సియాలో ఆయన కట్టిన సంగీత నాటకశాల పైపొరకు అంటించిన పింగాణీ ముక్కలు 2013లో ఊడిపడ్డాయి. వానకూ, ఎండకూ, మనిషి కాలికీ కట్టినవాని పట్టాలు ఎన్నో తెలియదు. రెండు చదువులు చదివినా, వాడుకొనేవారిని మరిస్తే లోపం లోపమే.

మరి రెండు పట్టాలు లేకుండా గొప్ప పని జరగలేదా? ఎంతో జరిగింది. ఢాకాలో 1929లో పుట్టి, కలకత్తా దగ్గరి శిబ్‌పూరులోనూ, ఢాకాలోనూ, తరువాత అమెరికాలో ఇల్లినాయ్‌లోనూ చదివిన ఇంజనీరు ఫజ్లూర్ రహ్మాన్ ఖాన్, బ్రూస్ గ్రాహం అనే ఆర్కిటెక్టుతో ఒకే సంస్థలో పనిచేశాడు. షికాగోలో 1973లో 442 మీటర్ల ఎత్తుకు లేచిన సియర్స్ భవనం ఆ ఇద్దరిదీ. గొట్టాలను కట్టగా కట్టినట్లు భవనాన్ని నిలిపే ఖాన్ ఆలోచనే ఆ భవనానికి రూపం కూడా అయింది. మన దేశంలో మహేంద్ర రాజ్ అనే ఇంజనీరు 1924లో పుట్టి 2022దాకా జీవించారు. ఛండీగఢ్ పనులతో మొదలుపెట్టి, చార్లెస్ కొరియా, దోషి, రాజ్ రేవాల్ వంటి ఆర్కిటెక్టులతో భుజం కలిపారు. 1972లో ఢిల్లీలో రేవాల్‌తో కలిసి కట్టిన ప్రదర్శనశాల, ఉక్కుతో చేసే చట్రాన్ని కాంక్రీటుతో చేసి చూపింది. 2017లో దాన్ని పడగొట్టినప్పుడు దేశ విదేశాల కట్టడ విద్యావేత్తలు బాధపడ్డారు. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం కట్టదలచినప్పుడు, 1930 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్ అనే ఆర్కిటెక్టునూ, సయ్యద్ అలీ రజా అనే ఇంజనీరునూ కలిపే విదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపింది. 1939లో తెరిచిన ఆర్ట్సు కాలేజీ భవనాన్ని చూసినవారికి ఆ జంట ప్రయాణం వృథా కాలేదని తెలుస్తుంది.

ఆలస్యంగా కలిస్తే ఏమవుతుందో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నాటకశాల చెబుతుంది. 1957లో పోటీలో నెగ్గిన ఉట్జోన్ బొమ్మలో తెరచాపల వంటి కప్పులు ఉన్నాయి గాని, వాటికి లెక్కకు లొంగే ఆకారం లేదు. ఇంజనీరు ఓవ్ ఆరుప్ బృందం ఏళ్ళ తరబడి తలపట్టుకొన్నది. కప్పులన్నీ ఒకే గోళం పైభాగంనుంచి కోసిన ముక్కలుగా చేయవచ్చునన్న ఉపాయం 1961లో దొరికింది. అప్పుడు గాని ఒకే వంపు అచ్చులలో ముక్కలు పోతపోయడానికి వీలు కాలేదు. 1966లో ఉట్జోన్ పని వదిలి వెళ్ళిపోయాడు. 70 లక్షల డాలర్లకు అంచనా వేసిన కట్టడం, 10 కోట్ల 20 లక్షల డాలర్లు మింగి 1973లో తెరుచుకొన్నది.

ఇతర దేశాలలో కలిపి నేర్పే తీరు

జపానులో ఆర్కిటెక్చరు చదువు మొదటినుంచి ఇంజనీరింగు ఇంట్లోనే పుట్టింది. 1877లో జొసయా కాండర్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు టోక్యోలోని ఇంజనీరింగు కాలేజీకి ఉపాధ్యాయుడుగా వెళ్ళాడు. ఆయన శిష్యుడు తత్సునో కింగో కట్టిన టోక్యో రైల్వే స్టేషను 1914లో తెరుచుకొని, 1923నాటి మహాభూకంపాన్ని తట్టుకొన్నది. ఈనాటికీ అక్కడ ఎన్నో విశ్వవిద్యాలయాలలో ఆర్కిటెక్చరు శాఖ ఇంజనీరింగు విభాగంలోనే ఉన్నది. గీసేవాడూ, లెక్కగట్టేవాడూ ఒకే తరగతిలో కూర్చుని మొదలుపెట్టి, తరువాత చెరొక దారి పట్టుకొంటారు. తరచు భూమి కంపించే దేశానికి తగిన ఏర్పాటు అది.

బెల్జియంలో లూవెన్, ఘెంట్ వంటి విశ్వవిద్యాలయాలలో "ఇంజనీరు-ఆర్కిటెక్టు" అన్న ఒకే పట్టా ఉన్నది. ఇటలీలో కట్టడ ఇంజనీరింగునూ ఆర్కిటెక్చరునూ కలిపిన ఐదేళ్ళ చదువు ఉన్నది. ఫ్రాన్సులో లియోన్, నాంట్ నగరాలలో ఇంజనీరింగు కాలేజీ, ఆర్కిటెక్చరు కాలేజీ ఒప్పందం చేసికొని, ఒకే విద్యార్థికి రెండు పట్టాలిచ్చే దారి ఏర్పరచాయి. అమెరికాలో ఆస్టిన్ నగరంలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చరు పట్టా, భవన ఇంజనీరింగు పట్టా కలిపి ఆరేళ్ళలో చదివే ఏర్పాటు ఉన్నది. ఈ చోట్లలో లాభం ఏమిటంటే, గణితం, భౌతికశాస్త్రం, కట్టడ పదార్థాలు వంటి ఉమ్మడి పాఠాలు రెండుసార్లు చదవనక్కరలేదు. నష్టం ఏమిటంటే, ఊపిరి తీసికొనే తీరిక ఉండదు. స్టూడియోలో రాత్రి నమూనా అతికించిన చెయ్యి, తెల్లవారి గణితం పరీక్ష వ్రాయాలి.

మన దేశంలో ఉన్న దారులు

మన దేశంలో మామూలుగా దొరికేది వేరువేరు పట్టాలే. బి.ఆర్క్. ఐదేళ్ళు, బి.టెక్. నాలుగేళ్ళు. బి.ఆర్క్. ప్రవేశానికి ఆర్కిటెక్చరు మండలి జరిపే నాటా పరీక్ష ఒకటి. జె.ఇ.ఇ. మెయిన్‌లో రెండవ పత్రం ఇంకొకటి. అందులో గణితం, ఆకారాల అవగాహన, బొమ్మ వేయడం ఉంటాయి. ఖరగ్‌పూరు, రూర్కీ, వారణాసి ఐ.ఐ.టి.లలో చేరాలంటే జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ తరువాత మరొక ఆర్కిటెక్చరు పరీక్ష నెగ్గాలి. మనవారికి దగ్గరగా తిరుచిరాపల్లి, రూర్కెలా, నాగపూరులలోని జాతీయ సాంకేతిక సంస్థలలోనూ, చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయంలోనూ, 2008లో పుట్టిన విజయవాడ ప్లానింగు, ఆర్కిటెక్చరు విద్యాలయంలోనూ బి.ఆర్క్. ఉన్నది.

2022లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం ఒకేసారి రెండు డిగ్రీలు చదవవచ్చునన్నది. ఆ వార్త చూసి కొందరు తలిదండ్రులు సంతోషించారు. కాని రెండూ కాలేజీకి వెళ్ళి చదివేవయితే వాటి వేళలు ఒకదానికొకటి అడ్డు రాకూడదన్నది అందులోని షరతు. ఆ ఆ వృత్తి మండళ్ళ నియమాలకు కూడా లోబడాలి. స్టూడియో, ప్రయోగశాల రెండూ పగలంతా నడిచే ఈ రెండు చదువులకు ఆ అవకాశం కాగితంమీదిదే అనుకోవడం మేలు.

కనుక ఆచరణలో మిగిలేవి మూడు దారులు. మొదటిది, బి.ఆర్క్. చదివి ఆపైన బి.టెక్. చదవడం, లేదా ముందు బి.టెక్., తరువాత బి.ఆర్క్. మొత్తం తొమ్మిదేళ్ళు. ఒక చదువులోని పాఠాలు రెండవదానిలో మినహాయిస్తారని ముందే లెక్కవేసుకోరాదు. అడిగి, కాగితంమీద జవాబు తీసికోవాలి. రెండవది, ఇక్కడ సివిల్ ఇంజనీరింగు ముగించి, అమెరికా వంటి దేశంలో ఇతర పట్టభద్రులను కూడా చేర్చుకొనే మూడు, మూడున్నరేళ్ళ ఎం.ఆర్క్. చదవడం. తిరిగివచ్చి ఇక్కడ ఆర్కిటెక్టుగా నమోదు కావాలనుకొంటే, ఆ పట్టాకు మన మండలి గుర్తింపు ఉన్నదో లేదో ప్రయాణానికి ముందే తేల్చుకోవాలి. మూడవది, ఒకటే పట్టా పూర్తిగా చదివి, రెండవ విద్యను పనిలో నేర్చుకోవడం. ఆర్కిటెక్చరు చదివినవారు రెండేళ్ళు ఒక మంచి కట్టడ ఇంజనీరు ఆఫీసులో కూర్చున్నా, ఇంజనీరింగు చదివినవారు ఒక మంచి ఆర్కిటెక్టు దగ్గర కూర్చున్నా, కాలేజీ చెప్పని ఎన్నో సంగతులు తెలుస్తాయి. నా దృష్టిలో పదిమందిలో తొమ్మిదిమందికి ఈ మూడవ దారే చాలు.

ఎవరికి తగును?

ఆ పదవ బిడ్డను ఎలా గుర్తించాలి? మార్కులు చూస్తే తెలియదు. సెలవుల్లో ఒక టేపు ఇచ్చి, మీ ఇల్లు కొలిచి యాభయ్యవ వంతుకు తగ్గించి ప్లాను గీయమనండి. గీసేటప్పుడు కిటికీ ఇక్కడ ఎందుకున్నది, ఇంకోచోట ఉంటే గాలి బాగా వచ్చేదేమో అని అడిగితే ఆర్కిటెక్టు లక్షణం. ఈ గోడ తీసేస్తే పైన కప్పు ఆగుతుందా అని అడిగితే ఇంజనీరు లక్షణం. రెండు ప్రశ్నలూ తనంతట తాను అడిగి, ఒకదానికి జవాబు దొరికితే రెండవది మళ్ళీ అడగకుండా ఉండలేని బిడ్డ అయితే, ఆ బిడ్డకు రెండు చదువుల మాట ఎత్తవచ్చును. అగ్గిపుల్లలూ జిగురూ ఇచ్చి రెండు పుస్తకాల మధ్య వంతెన కట్టమనండి. అది విరిగినప్పుడు విసిగి లేస్తాడా, ఎక్కడ విరిగిందో వంగి చూస్తాడా గమనించండి. వంగి చూసే బిడ్డకు ఓర్పు ఉన్నది. ఈ దారిలో తెలివికంటే ఓర్పు ఎక్కువ కావాలి.

ఆడపిల్లల విషయంలో "అన్నేళ్ళు చదివిస్తే పెళ్ళెప్పుడు?" అన్న మాట ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో వినబడుతూనే ఉన్నది. మద్రాసులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన అయ్యలసోమయాజుల లలితగారు, పద్దెనిమిదో ఏట భర్తను పోగొట్టుకొని, చంటిబిడ్డ తల్లిగా ఉండి, 1940ల తొలి సంవత్సరాలలో గిండీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివారు. ఆ కాలేజీలో ఆడపిల్లలు చదవడమే వింత అయిన రోజులు అవి. తండ్రి పప్పు సుబ్బారావుగారు అక్కడ ఆచార్యులు. ఆయన అండగా నిలబడ్డారు. ఎనభై ఏళ్ళ కిందట ఒక తెలుగు తండ్రి ఆ పని చేయగలిగితే, ఈనాటి తండ్రులకు సాకులు లేవు.

డబ్బు సంగతి కూడా దాచకూడదు. రెండవ చదువుకు కట్టే జీతం ఒక ఖర్చు. ఆ నాలుగైదేళ్ళు సంపాదించకుండా పోయే జీతం ఇంకొక ఖర్చు. తోటివాడు ఇరవై మూడేళ్ళకు ఉద్యోగంలో చేరి ఇంటికి డబ్బు పంపుతుంటే, మన బిడ్డ ఇరవై ఏడేళ్ళదాకా పరీక్షలు వ్రాస్తుంటాడు. అప్పు తెచ్చి చదివించేవారు ఈ రెండు ఖర్చులూ ఒకే కాగితంమీద వేసి, బిడ్డకు చూపించి, కలిసి కూర్చుని నిర్ణయించుకోవాలి. మొదటి పట్టా చేతికి వచ్చాక ఒక ఏడాదో, రెండేళ్ళో పనిచేసి, అప్పటికీ రెండవదానిమీద ఆకలి తీరకపోతే అప్పుడు చేరడం అన్నిటికంటే క్షేమం. పనిలో తగిలిన ప్రశ్నలతో చదువుకు వెళ్ళినవాడు, ఖాళీ సంచితో వెళ్ళినవానికంటే ఎక్కువ తెచ్చుకొంటాడు.

ఇంత చెప్పినది పిల్లల ఉత్సాహంమీద నీళ్ళు చల్లడానికి కాదు. మన ఊళ్ళన్నీ పైకి పైకి లేస్తున్నాయి. మన కుటుంబాలు పదో అంతస్తులో, ఇరవయ్యో అంతస్తులో నిద్రపోతున్నాయి. ఆ కప్పులను గీసేవారిలో, లెక్కగట్టేవారిలో మన బిడ్డలూ ఉంటారు. ఆ బిడ్డ చేతిలో ఒక పట్టా ఉన్నా, రెండు ఉన్నా, గీత గీసిన ప్రతిసారీ అది మోసే బరువును తలచుకోవాలి. బరువు లెక్కగట్టిన ప్రతిసారీ దాని కింద నిద్రపోయే మనిషిని తలచుకోవాలి. ఆ అలవాటు ఏ ఏట మొదలుపెట్టినా తొందరపాటు కాదు. అది మొదటి ఏటనే అబ్బిన విద్యార్థికి రెండవ పట్టా ఒక అలంకారం. అబ్బనివానికి పది పట్టాలూ చాలవు.